విశ్వనాథం గారి బండి మెట్టు

విశ్వనాథం గారు అబద్ధాలు ఆడరు, నిజం తన దాకా వచ్చేవరకు ఓపిక పట్టలేరు, అంతే. ఈ మాట వాళ్ళావిడ జయంతిది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన కోతలు కోస్తుంటే వినేవాళ్ళకి టీలు అందించిన మనిషి కాబట్టి ఆవిడ మాట నమ్మొచ్చు. చారులో ఉప్పు తగ్గినా సర్దుకుపోతారు గాని, చెప్పే కథలో ఉప్పూకారం తగ్గితే మాత్రం ఆయనకి ముద్ద దిగదు.

ఎప్పుడో తెనాలి నుంచి డల్లాస్ వచ్చి, కరెంటు కంపెనీలో సబ్‌స్టేషన్ ఇంజనీరుగా చేసి, రెండువేల పన్నెండులో రిటైరయ్యారు. రిటైరైన వారానికే ఒక పాత మోటర్‌హోమ్ కొనుక్కొచ్చి డల్లాస్ పక్కనే ఉన్న కాపెల్‌లో తమ ఇంటి డ్రైవ్‌వేలో నిలబెట్టారు. మంచం, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ లోపలే ఉండే బస్సులాంటి బండి అది. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ నీకు ఈ దేశంలో ఇండియన్ స్టోరూ, గుడీ తప్ప ఏమీ చూపించలేదు జయంతీ. ఇక అలాస్కా దాకా ఆగేది లేదు" అన్నారు. ఆవిడ నవ్వింది. ఆ రోజుల్లో ఆవిడ కాళ్ళు ఇంకా మాట వినేవి.

ఆ బండికి ఒక కరెంటు మెట్టు ఉంది. తలుపు తీయగానే కింది నుంచి జుయ్యిమని బయటికి వస్తుంది, తలుపు వేయగానే లోపలికి పోతుంది. అది లేకపోతే గడప అంత ఎత్తుకి ఎక్కడం కుర్రవాళ్ళ పని. ఆ మెట్టు ఒక రోజు వచ్చేది, ఒక రోజు వచ్చేది కాదు. కాపెల్ తెలుగువాళ్ళలో సగం మంది దాని గురించి విన్నారు, మిగతా సగం మంది రెండుసార్లు విన్నారు.

ఎందుకు రాదో జయంతికి తెలుసు. బండి కొన్న కొత్తలో గుడి ముందు వాహన పూజ చేయించారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పంతులు గారు బొట్లు పెట్టి వెళ్ళాక, బండికి ఒక దేవుడుంటే బాగుంటుందని ఆవిడ ఫ్రిజ్ తలుపు మీదున్న చిన్న వేంకటేశ్వరస్వామి మాగ్నెట్‌ని తెచ్చి, గడప పక్కన చట్రం మీద ఒక ఇనప స్క్రూ కనిపిస్తే దానికి అంటించింది. వెంటనే బయటికొచ్చి ఉన్న మెట్టు గుర్రుమంటూ లోపలికి పోయింది. తీస్తే వచ్చింది. పెడితే పోయింది. తలుపుకున్న మాగ్నెట్ ఆ స్క్రూ పక్కనున్న సెన్సర్ దగ్గరికొస్తే తలుపు మూసుకుందని మెట్టు అనుకుంటుంది, స్వామి మాగ్నెట్‌ని చూసినా అలాగే అనుకుంటోంది. కరెంటు ఇంజనీరు భార్యకి ఆ మాత్రం అర్థం కావడం పెద్ద విషయం కాదు. ఆ రోజు నవ్వుకుని బొమ్మ తీసేసింది.

ఆ ఏడాది జూన్‌లో కాళ్ళ బాధ మొదలైంది. ముందు ఎడమ పాదం తడబడడం, తర్వాత మేడమెట్ల మీద తొడని చేత్తో ఎత్తుకోవాల్సి రావడం. నాలుగిళ్ళ అవతల ఉండే రాధారాణి కారులో తీసుకెళ్ళి పరీక్షలు చేయించింది. నరాల జబ్బు అన్నారు. పెరుగుతుందే గాని తగ్గదు, కొన్నాళ్ళకి నడక, ఆ తర్వాత చేతులు, అని డాక్టర్ మెత్తటి గొంతుతో చెప్పింది. జయంతికి చావంటే అంత భయం వేయలేదు. ఈ సంగతి వింటే ఆయన నోరు మూగబోతుందని భయం వేసింది. ఆ నోరు లేని ఇంట్లో ఆవిడ ఒక్కరోజు కూడా ఉండలేదు. అందుకే విటమిన్ ఇంజెక్షన్లకి వెళ్తున్నానని చెప్పి, రాధారాణి చేత ఒట్టు వేయించుకుంది.

ఆగస్టులో మొదటిసారి ప్రయాణానికి ముహూర్తం పెట్టుకున్న రోజు, తెల్లవారకముందే వెళ్ళి స్వామిని మళ్ళీ ఆ స్క్రూకి అంటించి వచ్చింది. మెట్టు రాలేదు. "బయల్దేరే వేళకి అడ్డం పడింది, అపశకునమండీ" అని వెనక్కి తిరిగి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి కూర్చుంది. ఆయన కూడా కూర్చున్నారు. ఆ తర్వాత ప్రతి ప్రయాణమూ అలాగే ఆగిపోయింది.

మళ్ళీ రేపు పొద్దున ముహూర్తం. అక్టోబరు శనివారం సాయంత్రం, వీడ్కోలు చెప్పడానికని జనం డ్రైవ్‌వేలో మడత కుర్చీలు వేసుకున్నారు. రాధారాణి మిరపకాయ బజ్జీలు తెచ్చింది. ఆమె భర్త రవికాంత్, కరీంనగర్ నుంచి వచ్చి కొడుకు రవికాంత్ దగ్గర ఆరు నెలలుగా ఉంటున్న లక్ష్మీనారాయణ, పక్కింట్లో ఉండే కౌశిక్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు వచ్చారు. జయంతి కుర్చీలోంచి లేవకుండానే ఫ్లాస్క్‌లోంచి అందరికీ టీ పోసింది. స్వామి అప్పటికే బండి గడప పక్కన కొలువై ఉన్నాడు.

"ఏం అంకుల్, మెట్టు సెట్ అయిందా ఈసారి?" అన్నాడు కౌశిక్.

ఆ ఒక్క ముక్క చాలు. విశ్వనాథం గారు కప్పు కింద పెట్టి, కండువా లేకపోయినా ఉన్నట్టే భుజం సర్దుకున్నారు.

"సెట్ అవడమా? ఒరేయ్ కౌశిక్, దాన్ని సెట్ చెయ్యడానికి నేను పడ్డ పాట్లు ఇంకోడెవడైనా పడుంటే ఈ పాటికి వాడి పేరు రోడ్డుకి పెట్టేవాళ్ళు. మొదట్లో నేనూ చిన్న సంగతే అనుకున్నాను, ఎర్త్ వైరు తుప్పుపట్టుంటుంది, పాత బండ్లకి మామూలే కదా, కింద దూరాను, బోల్టు విప్పాను, గరుకు కాయితంతో గీకి బిగించాను, జుయ్యిమని వచ్చింది. ఇంతవరకూ ఎవడైనా చేస్తాడు, నేనేం గొప్పలు చెప్పుకోవట్లేదు."

"మీరు గొప్పలు చెప్పడమా!" అన్నాడు రవికాంత్ బజ్జీ నములుతూ.

"మర్నాడు మళ్ళీ రాలేదు. ఏం చెయ్యాలి? మీటరు తెద్దామంటే బ్యాటరీ అయిపోయింది. సరే అని బండి కింద వెల్లకిలా పడుకుని వైరు కొస నాలిక మీద పెట్టుకున్నాను. నవ్వకండి! సబ్‌స్టేషన్‌లో ముప్ఫై ఏళ్ళు చేసినవాడి నాలిక ఇది. పన్నెండు పాయింట్ నాలుగు వోల్టులు అని చెప్పేసింది. తర్వాత మీటరు తెచ్చి చూస్తే ఎంతో తెలుసా? పన్నెండు పాయింట్ మూడు. నేనా మీటరు పారేశాను. తప్పు చూపించే వస్తువు ఇంట్లో ఎందుకు?"

"నీ నాలిక మస్తు పదునున్నది సారూ, కరెంటుకే షాక్ కొడ్తది" అన్నారు లక్ష్మీనారాయణ.

"ఇంక ఇది మన చేతిలో పని కాదని మెట్టు తయారుచేసే కంపెనీకి ఫోన్ చేశాను. ఊరికే చేశానా, ఆ మోటారు మూలుగు ఫోన్లో వినిపించాను. వినగానే అవతలివాడు లైన్లో ఏడ్చేశాడు. ఆ తర్వాత ఏం జరిగిందనుకున్నారు? నలుగురు ఇంజనీర్లు ఫ్లైట్ ఎక్కి వచ్చారు! ఇక్కడే, ఇదిగో రవికాంత్ కూర్చున్నచోటే లాప్‌టాప్‌లు పెట్టుకుని రెండు రోజులు కుస్తీ పట్టారు. జయంతి పులిహోర చేసి పెట్టింది. అవునా జయంతీ?"

"అవును" అంది జయంతి. "చింతపండు పులిహోర."

ఆయన కథల్లో ఎప్పుడూ ఆవిడకో చిన్న పని ఉంటుంది. పులిహోర చేయడమో, చీపురు అందించడమో. ఆవిడ కాదంటే కథ కూలిపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కాదనలేదు.

"వాళ్ళ పెద్దాయన చివరికి టోపీ తీసేసి, మిస్టర్ విష్వనాత్, మా వల్ల కాదు, మీ నాలికని మా కంపెనీకి లీజుకివ్వండి అన్నాడు. నేను చచ్చినా ఇవ్వనన్నాను. దాంతోనే కదా నేను మీతో మాట్లాడాలి! వాళ్ళని పంపించేసి, మా సబ్‌స్టేషన్‌లో పాతసామాన్లలో పడున్న ఒక మోటారు తెచ్చి బిగించాను. బిగించి తలుపు తీశానా, మెట్టు ఎంత జోరుగా వచ్చిందంటే ఎదురింటి కంచెని గుద్దేసింది. కంచె గట్టిది కదా, కదల్లేదు. అందుకని బండే వెనక్కి పోయింది, మా గరాజ్‌లో దూరి, వంటింట్లోంచి వెళ్ళి, పెరట్లో తేలింది."

"ఇల్లేం కాలేదా అంకుల్?"

"తలుపులన్నీ తీసే ఉన్నాయిలేరా."

అందరూ పడీ పడీ నవ్వారు. రాధారాణి మాత్రం జయంతి వంక చూసింది. జయంతి తలొంచుకుని చీర కుచ్చిళ్ళ మాటున ఎడమ పాదాన్ని సర్దుకుంటోంది. రేపు పొద్దున మళ్ళీ మెట్టు రాదు, మళ్ళీ అపశకునం, మళ్ళీ మంచినీళ్ళు. ఎన్నాళ్ళిలా? ఒకరోజు ఇంట్లో మెట్లు కూడా ఎక్కలేకపోతే అప్పుడు ఏ దేవుణ్ణి ఎక్కడ అంటించాలి? ఆయన గొంతు మాత్రం ఎక్కడా తగ్గట్లేదు.

"అసలు సంగతి ఇంకా చెప్పనే లేదు! టెస్ట్ చేద్దామని హైవే ఎక్కాను. డెబ్బై మైళ్ళ స్పీడ్‌లో గాలికి తలుపు తెరుచుకుంది, మెట్టు బయటికొచ్చింది. వెనకాలే పోలీసు. ఆగమని సైగ చేశాడు, నాకు ఎదురుగా లారీ, ఆగలేను. వాడేం చేశాడూ, కారులోంచి ఎగిరి మెట్టు మీద నిలబడి టికెట్ రాయడం మొదలెట్టాడు! రాస్తూ రాస్తూ ఎంత నున్నగా పోతోంది మీ మెట్టు అని మెచ్చుకుని, ఫిల్టర్ కాఫీ తాగి, వాళ్ళ అత్తగారి ఊళ్ళో దిగిపోయాడు. అంతటితో అయిపోయిందా? లేదు! ఓక్లహోమా దాటగానే టోర్నడో. బండిని చీపురుపుల్లలా ఎత్తి మేఘాల్లో పెట్టింది. కింద చూస్తే ఊళ్ళన్నీ అగ్గిపెట్టెలు. ఇంకోడైతే హనుమాన్ చాలీసా చదివేవాడు. నేను తలుపు తీశాను. మెట్టు దిగడం మొదలైంది చూడండి, మేఘం దాటింది, వాన దాటింది, పక్షులు దాని మీద వాలి రెస్ట్ తీసుకుంటున్నాయి, దిగి దిగి ఒక రైతు పొలంలో ఆనింది. నేను నిదానంగా దిగి, ఆ మెట్టు పట్టుకుని గాలిపటాన్ని లాగినట్టు బండిని కిందికి లాగేశాను!"

ఆయన నుదుటి చెమట తుడుచుకున్నారు. లక్ష్మీనారాయణ రెండు చేతులూ జోడించారు.

"సారూ, నీకు దండం. మాటలు కోటలు దాటుతున్నయ్ గని కాళ్ళు గడప దాటుతలేవు. నేనొచ్చినకాంచి చూస్తున్న, ఈ బండి ఇల్లు విడిచి బజారుకు గూడ పోలే. ఓక్లహోమా ఎట్ల పోయింది?"

నవ్వులతో డ్రైవ్‌వే దద్దరిల్లింది. కాళ్ళు గడప దాటవన్న మాట జయంతికి సూటిగా వచ్చి తగిలింది. ఆ పెద్దాయనకి ఏమీ తెలియదు, ఊళ్ళో అందరూ అనే మాటే అన్నారు. అయినా ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"నమ్మవా బావా? అయితే చూడు" అంటూ విశ్వనాథం గారు లేచి వెళ్ళి ఠీవిగా బండి తలుపు తీశారు.

మెట్టు రాలేదు.

"ఆకాశం నుంచి దిగుతున్నట్టుంది, కొంచెం టైమ్ పడుతుంది" అన్నాడు రవికాంత్. కౌశిక్ నవ్వుతూ లేచాడు. కిందటి థాంక్స్‌గివింగ్ సెలవులకి స్నేహితులతో ఇలాంటి బండే రెంట్ చేసుకుని గ్రాండ్ కాన్యన్ వెళ్ళొచ్చాడు. గడప దగ్గర వంగి, వేలితో చట్రం తడుముతూ పోయి, ఒకచోట ఆగాడు. స్క్రూ మీదున్న స్వామిని ఊడదీశాడు.

జుయ్యిమంటూ మెట్టు బయటికొచ్చింది.

"అంకుల్! ఇంతేనా? సెన్సర్ మీద ఫ్రిజ్ మాగ్నెట్ ఉంది. ఇది చూడకుండా ఎర్త్ వైరు, ఇంజనీర్లు, టోర్నడో... మీరు నిజంగా ఎలక్ట్రికల్ ఇంజనీరేనా అంకుల్?"

ఇంక చెప్పాలా. రవికాంత్ కుర్చీలోంచి జారిపోయాడు. లక్ష్మీనారాయణకి దగ్గొచ్చింది. జయంతి భర్త వంక చూసింది. ఇప్పుడేం కథ కడతారో ఆవిడకి తెలుసు. ఓడిపోవడం ఆయన జాతకంలో లేదు. ఒకసారి శాన్ ఆంటోనియో వెళ్ళాల్సింది దారితప్పి హ్యూస్టన్‌లో తేలితే, హ్యూస్టన్ చూపిద్దామనే ఇటు తిప్పానని నేటికీ అంటారు.

విశ్వనాథం గారు కౌశిక్ చేతిలో బొమ్మని చూశారు. మెట్టుని చూశారు. తల గోక్కున్నారు.

"నిజమేరా" అన్నారు. "దేవుడి బొమ్మ కదా అని పట్టించుకోలేదు. వట్టి వెర్రివాణ్ణి."

నవ్వు రెట్టింపైంది. ఆ నవ్వుల మధ్య జయంతి కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగింది. ఆ మనిషి తప్పు ఒప్పుకున్నారు. ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా, పిల్లకాయ ముందు, పది మందిలో, వెర్రివాణ్ణని అన్నారు. కావాలని రాహుకాలంలో టికెట్ కొని ఇండియా ప్రయాణాలు చేసిన మనిషి, ఇన్నిసార్లు అపశకునమంటే మారు మాట్లాడకుండా వచ్చి మంచినీళ్ళు తాగారు. ఎక్కడికెళ్ళినా నాలుగు బారలు ముందు నడిచే మనిషి, ఈ మధ్య గుడికెళ్ళినా, స్టోర్‌కెళ్ళినా వెనకాలే నడుస్తున్నారు. కిందటి నెల గాలివానకి స్వామి ఊడి కింద పడిపోవడం ఆవిడ కిటికీలోంచి చూసింది. పొద్దున వెళ్ళి తీద్దామనుకుని వెళ్తే, శుభ్రంగా తుడిచిన బొమ్మ మళ్ళీ ఆ స్క్రూ మీదే ఉంది. స్వామి మహిమ అనుకుంది. ఎంత పిచ్చిది!

"ఆంటీ, మెట్టు వచ్చేసింది కదా, ముందు మీరే ఎక్కి శుభారంభం చెయ్యండి" అన్నాడు కౌశిక్.

రాధారాణి కంగారుగా లేచింది. "వద్దులే కౌశిక్, చీకటి పడుతోంది" అంది.

"కూర్చో రాధా" అంది జయంతి. "ఆ బొమ్మ పెట్టింది నేనే కౌశిక్. మీ అంకుల్‌ని ఏమీ అనకు. మెట్టు మొదట్నించీ బాగానే ఉంది. నా కాళ్ళే పోతున్నాయి. నరాల జబ్బు, మందు లేదన్నారు. ఆ మెట్టెక్కలేక, ఎక్కలేనని చెప్పలేక ఈ పని చేశాను."

అందరూ నవ్వడం మానేశారు. కౌశిక్ చేతిలో బొమ్మని ఏం చేయాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. లక్ష్మీనారాయణ తనన్న మాట గుర్తొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

జయంతి భర్త వైపు తిరిగింది. "మీకు తెలుసు, కదూ?"

ఆయన తలూపారు.

"జబ్బు సంగతి కూడానా?"

"డాక్టర్ ఆఫీసు వాళ్ళు ఒకసారి ఇంటికి ఫోన్ చేశారు. నువ్వు స్నానం చేస్తున్నావు."

"మరి తెలిసి కూడా ఊరంతా ఈ కోతలెందుకు కోశారండీ? నవ్వులపాలు కావడానికా?"

విశ్వనాథం గారు వచ్చి ఆవిడ కుర్చీ పక్కన, ఆ సిమెంటు నేల మీదే చతికిలబడ్డారు. నోరు తెరిచారు. మాట రాలేదు. ఎన్నో వందల సాయంత్రాలు విన్న ఆ జనంలో ఎవరూ అది ఎప్పుడూ చూడలేదు.

"మెట్టయితే నేను బాగుచెయ్యగలను జయంతీ" అన్నారు చివరికి.

అని ఆవిడ మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చారు. పెద్దమనిషి, అందరి ముందూ, గొంతెత్తి ఏడ్చారు. రాధారాణి కొంగు నోట్లో కుక్కుకుంది. జయంతికి ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళుగా తను ఒక్కతే మోస్తున్నాననుకున్న బరువుని ఆయన రెండో వైపు నుంచి మోస్తూనే ఉన్నారని తెలిసి, ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. నెరిసిన ఆ జుట్టులో వేళ్ళు పెట్టి చాలాసేపు నిమిరింది. వేళ్ళు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

"రేపు వెళ్దామండీ" అంది. "నన్ను ఎక్కించగలరా?"

"ఎక్కించడమా?" ఆయన తలెత్తి, చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నారు. "ఏమిటా ప్రశ్న! ఒంటిచేత్తో ఎక్కిస్తాను. నువ్వెంత, సబ్‌స్టేషన్‌లో ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ జారి మీద పడుతుంటే నేను..."

అక్కడ ఆగి ఆవిడ పాదం వంక చూశారు. ఒక చెయ్యి చాలదని, కొన్నాళ్ళకి రెండూ చాలవని ఆవిడకి తెలుసు. ఆయనకీ తెలుసు. మిగతావాళ్ళు తలలు దించుకుని, ఆ కథ ఇక అక్కడ ఆగిపోయిందనే అనుకున్నారు.

"ఊఁ, పడుతుంటే?" అంది జయంతి. "చెప్పండి. ఏం చేశారు?"